తొక్క ఉన్నదే తింట

షట్టర్ కింద సందులోంచి అన్నం పళ్ళెం మళ్ళీ బయటికి వచ్చింది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. పచ్చిపులుసు గిన్నె మీద కప్పిన మూత కూడా కదల్లేదు.

“ఎన్నిసార్లు చెప్పాలె? తొక్క ఉన్నదే తింట!” లోపలినుంచి పూజిత గొంతు ఖంగుమంది. “అరటిపండ్లు ఒడిసినయ్. గుడ్లు ఉడకవెట్టి పంపుండ్రి. పెంకు తియ్యొద్దు. పెంకు పగిలినా తిన, ముందే చెప్తున్న.”

“గుడ్డుకు తొక్క ఏడుంటది బిడ్డా, పెంకుంటది గని” అంది శంకరమ్మ, అదేదో తేలాల్సిన విషయం అన్నట్టు.

“బాపమ్మా, నువ్వు జర ఊకో!”

పళ్ళెం ముందు కూచున్న యమున దాన్ని తీయలేదు. కూతురు ఇవాళ కూడా ముట్టలేదన్న బాధ ఒకవైపు, ఇంకేదో తత్తరపాటు ఒకవైపు ఆమె ముఖంలో కనిపించాయి. చివరికి చెంగుతో కళ్ళు ఒత్తుకుని పళ్ళేన్ని అరుగు మీదికి జరిపి, పైన జల్లెడ బోర్లించింది.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా షామియానా నుంచి పప్పు గరిటె దాకా అందించేది బాలనర్సింహ టెంట్ హౌస్. వెయ్యిమంది విస్తళ్ళ ముందు కూచునేలా చూసే మనిషికి సొంత బిడ్డ చేత ఒక్క ముద్ద తినిపించడం చేతకాకుండా పోయింది. పైగా ఆ బిడ్డ కూచున్నది అతని గోదాములోనే. ఇంటిని ఆనుకున్న ఆ గోదాములో షామియానా మూటల మీద పరుపు వేసుకుని, పెళ్ళికూతురు కూచునే ఎర్ర మఖమల్ కుర్చీలో దర్జాగా కూచుని, వారం రోజులుగా పూజిత రాజ్యమేలుతోంది.

కార్తీకమాసం. ముహూర్తాల మీద ముహూర్తాలు. నిన్న కోహెడ నుంచి పెళ్ళివాళ్ళు కుర్చీల కోసం వస్తే ఆ అమ్మాయే షట్టర్ సగం లేపి కుర్చీలు ఇచ్చింది, అడగని గంగాళాలు ఇచ్చింది, పెళ్ళికూతురి కుర్చీకి జత కుర్చీ కూడా ఇచ్చి “ఫ్రీ, తీస్కపోండ్రి. పెండ్లయినా పిల్ల సదువు ఆపకుండ్రి” అని షరతు పెట్టి పంపింది. వాళ్ళు ఈ టెంట్ హౌస్ చల్లగుండాలని దీవించి పోయారు. బాలనర్సింహకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆ పిల్ల జబ్బుకు సిటీ డాక్టరు బైపోలార్ అని పేరు చెప్పాడు. బాలనర్సింహ తల్లి శంకరమ్మ దాన్ని అంతకంటే బాగా చెప్తుంది. “ఓ నెల మంచం దిగది. ఓ నెల మంచం ఎక్కది. గింతే గద రోగం.” ఇప్పుడు నడుస్తున్నది మంచం ఎక్కని నెల. పూజిత కంటిమీద కునుకు లేదు. తెల్లవార్లూ కుర్చీలు సర్దుతుంది, మాట్లాడుతుంది, పాడుతుంది. మొన్న పొద్దున్నే పెద్దచెరువు కట్టమీద లారీలకు ఎదురు నడుస్తూ దొరికింది. మందులు వేసుకుంటే చేతులు వణుకుతున్నాయని, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయని రెండు నెలల కిందటే ఆ గోలీలు మానేసింది.

అప్పుడే ఈ తల్లిదండ్రులు ఒక తెలివితక్కువ పని చేశారు. మందు మజ్జిగలో కలిపారు.

గ్లాసు అడుగున తెల్లటి పిండి పూజిత కంటబడేదాకా అది సాగింది. ఆ రోజు ఆ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. “అంతా నేనే చేసిన బిడ్డా, మీ బాపుకు తెల్వది” అని యమున గోడకు ఆనుకుని ఏడ్చింది. గోలీలు గరిటె కాడతో నూరి ఇచ్చింది బాలనర్సింహే. ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు. తలొంచుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇక ఆ పని చెయ్యమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ మర్నాడే పూజిత గోదాములోకి మకాం మార్చి, తొక్క ఉన్న తిండి తప్ప ముట్టనని శపథం పట్టింది.

“బావా, ఇట్ల కాదు.” అప్పటిదాకా గేటు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్న మల్లేశ్ లోపలికి వచ్చాడు. యమున తమ్ముడు. బాలాపూర్‌లో ఉంటాడు. మేనకోడలంటే ప్రాణం. గణేశుడి లడ్డూ వేలంపాట చూస్తానంటే చిన్నప్పుడు జనంలో ఆమెను భుజాల మీద మోసి, మూడు రోజులు మెడ తిప్పలేకపోయాడు. “నేను మాట్లాడిన. సిటీ అవతల గిసుంటోళ్ళ కోసం ఒక హోమ్ ఉన్నది. వాళ్ళే బండి పంపుతరు. నలుగురు మనుషులొస్తరు, ఒక సూది వేస్తరు, తీస్కపోతరు. ఆర్నెల్లు ఆడనే. నువ్వు, అక్క సంతకం పెడితే చాలు.”

“సూది ఎట్ల వేస్తర్రా?”

“ఎట్లేస్తరు? పట్టుకొని వేస్తరు.”

“పట్టుకొని అంటే?”

మల్లేశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. యమున నేలకేసి చూసింది.

“కట్టేస్తరా అని అడుగుతున్న.”

“బావా, చెరువు కట్ట మీద లారీ కింద పడితే మంచిగుంటదా? నాకు మాత్రం సంబురమా?” అన్నాడు మల్లేశ్. “నిన్నటికెల్లి నేను ముద్ద తినలే.”

“సంతకం పెట్టెయ్యి” అంది యమున. “పిల్ల బతికుంటే రేపు నన్ను తిట్టుకుంటది. తిట్టుకోని.”

బాలనర్సింహ చెప్పులు తొడుక్కున్నాడు. “మధ్యాహ్నందాక ఆగుండ్రి. సాల్మన్‌ను అడిగొస్త.”

“ఆయన వకీలు. డాక్టరు గాదు” అన్నాడు మల్లేశ్.

“సంతకమంటే వకీలునే గద అడగాలె!”

*

సాల్మన్ రాజు ఆఫీసు కోర్టు వెనక గల్లీలో, జిరాక్స్ షాపు మీద. ఇద్దరూ ఒకే బెంచీ మీద పదో తరగతి దాకా చదివారు. సాల్మన్ చదువుతూ పోయాడు, బాలనర్సింహ పందిళ్ళు వేస్తూ పోయాడు. సాల్మన్ చెల్లెలి పెళ్ళిలో గాలివానకు పందిరి కూలి, ఫాదర్ గారి నెత్తిన గుంజ పడ్డ సంగతి ఇద్దరూ ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటారు. ఇవాళ ఆ మాట ఎత్తలేదు. బాలనర్సింహ చెప్పిందంతా సాల్మన్ చాయ్ చల్లారిపోయేదాకా విన్నాడు.

“ముందు ఆ హోమ్ సంగతి మర్చిపో” అన్నాడు. “రిజిస్ట్రేషన్ ఉన్న దవాఖానలనే చేర్పియ్యాలె. గట్ల నలుగురొచ్చి పట్టుకొని సూదేసి తీస్కపోతే కేసైతది. నీ మీద, మీ మల్లేశ్ మీద గూడ. మనసు రోగమొచ్చిన మనిషిని గొలుసు ఏసి కట్టేస్తే చట్టం ఒప్పది.”

“మరి నాకు దారేంది?”

“పద్దెనిమిది నిండని పిల్లయితే తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టొచ్చు. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగ చూసి, అవసరమే అంటే చేర్చుకుంటరు. పెద్దోళ్ళ వార్డుల పెట్టరు. యమున చెల్లె రాత్రి పగలు పక్కనే ఉంటది.”

బాలనర్సింహకు ప్రాణం లేచొచ్చింది. “గంతేనా! దానికి పదిహేడే నడుస్తున్నయ్. నా సంతకం చెల్లుతది. యాడ పెట్టాలె, చెప్పు.”

“ఆధార్ కార్డుల ఎంతున్నది?”

బాలనర్సింహ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

ఆ ఏడు కూడా ఇలాగే ముహూర్తాలు ముసురుకున్నాయి. యమున వంటసామాన్లు కడుగుతూ ఉంటే, అతను గుంజలు పాతుతూ ఉంటే, నాలుగేళ్ళ పూజిత డేగిసాల్లో దిగి ఆడుకునేది. ఒకసారి దిగిన డేగిసా లారీ ఎక్కింది, పిల్లతో సహా. ఇక లాభం లేదని మర్నాడే బడికి తీసుకుపోయాడు. ఐదేళ్ళు నిండనిదే ఒకటో తరగతిలో తీసుకోనన్నాడు సారు. నిండాయన్నాడు తండ్రి. కుడి చెయ్యి నెత్తిమీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమన్నాడు సారు. అందలేదు. బాలనర్సింహ వెనక నిలబడి బిడ్డ తలను ముద్దుగా నిమిరినట్టు నిమిరి కొంచెం వంచాడు. అందింది. సారు మెచ్చుకుని, అందరికీ రాసినట్టే జూన్ నెలలో ఒక తేదీ రాసేశాడు.

“బడిల సారు రాసిన తారీఖు లెక్కన పోయిన జూన్‌ల పద్దెనిమిది నిండినయ్” అన్నాడు బాలనర్సింహ, నేరం ఒప్పుకున్నట్టు.

“పుట్టినప్పటి సర్టిఫికెట్?”

“మా అత్తగారింట్ల కాన్పయింది. రాయించలే.”

సాల్మన్ మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపుకున్నాడు. “నా తారీఖు గూడ గదే సారు రాసిండు తియ్యి. గని ఇప్పుడు నీ నోటిమాట ఎవలు నమ్మరు. బడిల ఉన్నదే లెక్క. నీ బిడ్డ పెద్దదైంది బాల్‌నర్సింగా. నీ సంతకంతోని ఆమెను దవాఖానల ఏసే రోజు పోయింది.”

“ఇగ ఏం చెయ్యరాదా?”

“ఎందుకు రాదు? ఆమెనే వచ్చి నన్ను చేర్చుకోండ్రి అంటే చేర్చుకుంటరు. అది అన్నిటికన్న మంచి దారి. లేదంటే, ఆమెకు తన మంచిచెడ్డ తెలిసే స్థితి లేక, ప్రాణాపాయం ఉన్నదని ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగ తేలిస్తే, ఆమె దిక్కున మాట్లాడే మనిషి దరఖాస్తు పెట్టొచ్చు. గదీ మొదట నెల దాకనే. ఇంకో మాట. ఆ మనిషి ఎవరని ముందే చెప్పుకునే హక్కు ఆమెకున్నది. నువ్వా, యమున చెల్లెనా, మీ అమ్మనా, ఇంకెవరన్ననా, ఆమె ఇష్టం.”

“చెరువు కట్ట మీదికి మళ్ళ పోతే?”

“పోలీసులకు చెప్పు. గట్ల తిరిగే మనిషి కనపడితే వాళ్ళు దవాఖానకు తీస్కపోవాలె, లాకప్‌ల ఎయ్యరాదు. గని ఆ దాక ఎందుకు? నువ్వు ముందు బిడ్డను అడుగు.”

“రానంటది.”

“అంటే అంటది. మళ్ళ అడుగు.”

“రాకపోయే హక్కు తనకున్నదని తెలిస్తే ఇంక మొండికేస్తది రా. చెప్పకుండ అడుగుత.”

సాల్మన్ అతని ముఖంలోకి చూశాడు. “చెప్పకుండ అడిగితే, మజ్జిగల గోలి కలిపినట్టే గద?”

బాలనర్సింహ లేచి నిలబడ్డాడు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. సాల్మన్ అతని ముందే ఫోన్ తీసి, పూజితను చూసే డాక్టరుతో మాట్లాడాడు. సాయంత్రం ఆరు లోపల తీసుకొస్తే మంచం ఉంది, తనే చూస్తానన్నాడు డాక్టరు. రేపటి మాట చెప్పలేనన్నాడు.

*

ఇంటికి వచ్చేసరికి గేటు ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. అందులో నలుగురు మగవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూచున్నారు.

“ఇప్పుడే రమ్మని ఎవలు చెప్పిండ్రు?”

“నేనే” అంది యమున. “లోపల ఏదో దబదబ కొట్టుకుంటుంది. నాకు బుగులైంది.”

లోపల పూజిత గంగాళం బోర్లించి డప్పు వాయిస్తోంది. దరువు మాత్రం తప్పడం లేదు.

“నా సంతకం చెల్లదట.” బాలనర్సింహ విన్నదంతా చెప్పాడు. చెవి పట్టించిన సంగతి రాగానే శంకరమ్మ “నేను గప్పుడే చెప్పిన, ఒక్క ఏడు ఆగురా అని” అంది. అప్పుడు ఆమె అలా చెప్పలేదు. పిల్లను బడికి పంపితే పీడ విరగడవుతుందని అన్నది ఆమే.

“ఎవడు చూస్తడు బావా?” మల్లేశ్ గొంతు తగ్గించాడు. “తీస్కపోయినంక చూసుకుందాం. మంచిగైతే ఎవ్వరు అడగరు.”

“అది అడగదా? మంచిగైనంక?”

“నీకు కేసు భయం” అంది యమున. మాట విసురుగా వచ్చింది. “బిడ్డ తల వంచి ఏడాది కలిపినప్పుడు లేని భయం గిప్పుడొచ్చిందా? పిల్ల ఎన్ని రాత్రుల సంది పండుకోలేదో చూస్తున్నవా నువ్వు? నేను గోడకు చెవి పెట్టి పంటున్న. నువ్వు గుర్రు పెడ్తున్నవ్!”

అది నిజమే. బాలనర్సింహ గుర్రుపెట్టి నిద్రపోతాడు. పగలంతా గుంజలు మోసిన ఒళ్ళు. మల్లేశ్ మెల్లగా వెళ్ళి వ్యానులో వాళ్ళను ఆగమన్నాడు.

“పెండ్లింటికి వచ్చినట్టు ఇంతమందిమి బయట నిలవడ్డం” అంది శంకరమ్మ కాసేపయ్యాక. “లోపలున్న పిల్లను అడిగేటోడే లేడు.”

బాలనర్సింహ ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి షట్టర్ ముందు వేసుకున్నాడు. యమున అతని చెయ్యి పట్టుకుంది. “ఆ హక్కు సంగతి చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత.” ఆ చేతిని అతను నెమ్మదిగా విడిపించుకున్నాడు.

“పూజీ.”

డప్పు ఆగింది. “గుడ్లు తెచ్చినవా?”

“తెస్త. ముందు ఒక మాట చెప్త, విను. బయట బండి ఉన్నది. నిన్ను పట్టుకొని తీస్కపోదామని మీ మామ తెచ్చిండు. నేను పోనియ్య.”

“నాకెరుకే. సందుల నుంచి చూసిన. ఒకాయనకు బూట్లకు లేసులు లేవు. గట్లున్నోళ్ళతోని నేను పోత అనుకున్నరా?” మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. “బాపూ, మన టెంట్ హౌస్‌కు ఒక యాప్ చేస్తున్న. పేదోళ్ళకు పందిరి ఫ్రీ. కుర్చీలకు రంగులు మారుస్త. నీలం. నీలమైతే ఎండకు…”

“మారుద్దాం. బిడ్డా, నీకు పద్దెనిమిది నిండినయట.”

“నాకెరుకే! ఓటు కార్డుకు అప్లై గూడ చేసిన.”

ఎంత పరేషాన్‌లో ఉన్నా బాలనర్సింహకు నవ్వొచ్చింది. “అయితే విను. నువ్వు ఒప్పుకోకుండ మేము ఉత్తగ సంతకం పెట్టి నిన్ను దవాఖానల ఎయ్యలేం. గది చట్టం. నీకు చెప్పొద్దన్నరు. నేను చెప్తున్న.”

వెనక యమున నుదురు కొట్టుకుంది.

షట్టర్‌కు అవతలివైపు, సరిగ్గా అతని మోకాళ్ళకు ఎదురుగా, కూచున్న చప్పుడయింది.

“మరి గట్లయితే నేను రానంటే?”

“నువ్వు రానంటే రావు. నేను రేపు మళ్ళ అడుగుత. ఎల్లుండి మళ్ళ అడుగుత. ఈ కుర్చీ ఈడనే ఉంటది.”

“కట్టేస్తరా ఆడ?”

“కట్టెయ్యరు. మీ డాక్టరే ఉంటడు. అమ్మ నీ పక్కన పంటది.”

“నచ్చకపోతే?”

“వస్తనని చెప్పు. డాక్టర్లు చూసి మాట్లాడనీకె ఒక్కరోజు ఆపొచ్చట. సాల్మన్ చెప్పిండు. నేను తక్కువ చేసి చెప్త లేను.”

“చేతులు వణుకుతయ్ బాపూ.” ఇప్పుడు ఆ గొంతులో వేగం లేదు. “పెన్ను పట్టుకోనీకె రాదు. నేను లెక్కలల్ల క్లాసు ఫస్టు. గా గోలీలు వేసుకుంటే ఎక్కాలు మర్చిపోతున్న.”

“గది డాక్టరుకు చెప్దాం. వేరే గోలి ఉంటదేమో అడుగుదాం. నువ్వు అడుగు, నేను నీ పక్కన నిలవడత.”

“తలకాయల లొల్లి ఆగుతలేదు. పండుకుందామంటే ఆగదు. మస్తు భయమైతుంది.”

బాలనర్సింహ అరచెయ్యి షట్టర్ మీద ఆనించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని ఆపుకోవాలని కూడా అతనికి తోచలేదు. ఇన్నాళ్ళూ బిడ్డ మొండికేసిందనే అనుకున్నాడు. బిడ్డ భయపడుతోంది.

“పూజీ, ఇంకోటి చెప్త. ఈ ఇంట్ల ఇగ నీకు తెల్వకుండ ఏ గోలీ నీ కంచంల పడది. గ్లాసుల పడది. నీ మీద ఒట్టు.”

యమున గభాలున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుపు ఆపుకోలేక పోయిందనుకున్నాడతను.

షట్టర్ కిర్రుమంటూ లేచింది.

పూజిత నిలబడి ఉంది. రేగిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు. మెడచుట్టూ పసుపురంగు షామియానా గుడ్డ ఒకటి చున్నీలా చుట్టుకుంది. గేటు దగ్గరి మామను చూసి “మామా, నీ బండి నాకొద్దు. బాపు ట్రాలీ ఆటోల వస్త” అంది. మల్లేశ్ ముఖం తిప్పుకుని ముక్కు చీదాడు. తర్వాత వ్యాను దగ్గరికి పోయి, వెనక్కి పొమ్మని వాళ్ళతో వాదన పెట్టుకున్నాడు.

“వస్తవా బిడ్డా?” బాలనర్సింహకు తన చెవుల మీద నమ్మకం కలగలేదు.

“వస్త. నా దిక్కున మాట్లాడే మనిషిని నేనే చెప్పుకోవచ్చా?”

ఆ సంగతి తను ఇంకా చెప్పనేలేదు. “నీకెట్ల తెలుసు?”

“ఫోన్ల చదివిన. నాకు పిచ్చి లేచింది గని, సదువు పోలే.” పూజిత వంటింటి గుమ్మం వైపు చూసింది. “అమ్మ పేరు రాయిస్త.”

గుమ్మంలోకి వచ్చిన యమున అక్కడే ఆగిపోయింది.

“నువ్వయితే నేను జర ఏడిస్తే ఇంటికి తోల్కొస్తవ్ బాపూ. మామ అయితే నేను నవ్వినా రానియ్యడు. అమ్మ మొండిది. నాలెక్కనే. డాక్టరు ఎక్కువ మందిస్తే కొట్లాడ్తది, నేను వేసుకోకుంటే నాతోని కొట్లాడ్తది.” అరుగు మీద చతికిలబడి జల్లెడ ఎత్తింది. “ఆకలైతుంది. పొద్దుగాల్నుంచి పచ్చిపులుసు వాసనకు సస్తున్న తెలుసా?”

శంకరమ్మ దండం పెట్టుకుంది. బాలనర్సింహ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పూజిత చల్లారిన అన్నం మీద పచ్చిపులుసు ఒంపుకుంది, కలిపింది. ఉల్లిపాయ ముక్క తగిలిందేమో ఏరి పక్కన పెట్టింది, చిన్నప్పటిలాగే. ముద్ద చేసి నోటి దాకా తెచ్చింది.

“తినకు!”

యమున పరుగున వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది. ముద్ద నేల రాలింది.

“ఏమైందే?” శంకరమ్మ బిత్తరపోయింది.

“తినకు బిడ్డా. నా పేరు రాయియ్యకు.” యమున అరుగు కిందే కూలబడింది. “అండ్ల గోలి ఉన్నది. పొద్దుగాల కలిపిన. పండుకోక సచ్చిపోతవేమోనని కలిపిన. నా పేరు రాయిస్త అంటివి… నా చేతుల్తోని ఎట్ల తినిపియ్యాలె?”

పళ్ళెంలో పులుసు అంచు మీదికి వచ్చి ఆగింది. పూజిత చెయ్యి ఇంకా తల్లి చేతిలోనే ఉంది. విడిపించుకోలేదు. తల మాత్రం నెమ్మదిగా తండ్రి వైపు తిప్పింది.

“బాపూ. నీకు ఎరుకేనా?”

ఎరుక లేదు. దేవుడి మీద ఒట్టు, ఎరుక లేదు. ఆ మాట చెప్తే చాలు, బిడ్డ నమ్ముతుంది. ఇప్పుడే వేసిన ఒట్టు నిలుస్తుంది. ట్రాలీ ఎక్కుతుంది, ఆరులోపు దవాఖాన చేరుతుంది. కింద కూలబడి ఉన్న మనిషి మాత్రం బిడ్డ కంటికి మళ్ళీ ఒంటరిగా దొంగయిపోతుంది. పోయినసారి గోలీలు నూరింది అతను, తిట్లు తిన్నది ఆమె. ఆ రోజంతా నోరు మెదపనందుకు అప్పటినుంచీ అన్నం సహించడం లేదు బాలనర్సింహకు.

“ఎరుకే” అన్నాడు.

యమున దిగ్గున తలెత్తింది. “అబద్ధం! ఆయనకు తెల్వది. నేనే…”

“ఎరుకే అంటున్న గద!”

పూజిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అంత నిలకడైన చూపు ఆ కళ్ళలో వారం రోజులుగా లేదు. తల్లి చేతిలోంచి చెయ్యి తీసుకుని, ఎంగిలి చేతిని పళ్ళెం అంచుకు తుడుచుకుంది.

“మీ ఇద్దర్ల ఒకరు ఇప్పుడు, ఈడ నిలవడి, నాతోని అబద్ధం చెప్తున్నరు” అంది. “ఎవరో చెప్పుండ్రి. గప్పుడు చెప్త, నేను వస్తనో రానో.”

బాలనర్సింహ యమున వైపు చూశాడు. యమున అతని వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.